ముందు మీటరు చూడండి
పాఠకుల ప్రశ్నలు – టీచరమ్మ జవాబులు (ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి)

పోయిన నెల ఒక మాట అన్నాను: ఇంట్లో, ఆఫీసులో, దారిలో ప్రకృతికి కాస్త తక్కువ బరువుగా బతకడం ఎలాగో, మీ అనుమానాలు రాయండి అని. బాగానే రాశారు. రెండు ఉత్తరాలైతే ఒడియా లిపిలో రాసిన తెలుగు. పైకి చదువుకుంటే అచ్చం మన మాటే. మన పిల్లలకి బళ్లో ఒడియానే కదా, తప్పు పట్టను. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని కొండలెక్కిన గిడుగు రామమూర్తి గారి ఊళ్లో కూర్చుని, నేనెవరితోనో లిపి గురించి దెబ్బలాడితే బాగుండదు.

ప్రశ్న: టీచర్ గారూ, ఇక నుంచి పర్యావరణానికి హాని లేకుండా ఇల్లు నడపాలని గట్టిగా అనుకున్నాను. వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, గాజు సీసాలు, గుడ్డ సంచులు ఆన్‌లైన్‌లో చూసి పెట్టుకున్నాను. మొత్తం 4,600 అవుతోంది. మావారు "ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక గృహిణి, గుణుపురం

జవాబు: మీవారు సగం నిజం చెప్పారు. ఆ సంగతి ఆయనకి చెప్పకండి.

అయినా స్టీలు స్ట్రాతో మీ ఇంట్లో ఎవరు ఏం తాగుతారమ్మా? గాజు సీసాలు మీ అటక మీద ఎన్ని ఉన్నాయో ఒకసారి నిచ్చెన వేసుకుని చూడండి. మా అటక మీద పద్నాలుగు దొరికాయి, ఒకదాంట్లో మా పెళ్లినాటి ఇంగువ కూడా ఉంది. గుడ్డ సంచులకి పాత లుంగీ చాలు. వెదురు బ్రష్షు మాత్రం ఇప్పటి బ్రష్షు అరిగాక కొనుక్కోండి. బాగున్నదాన్ని పారేసి కొత్తది కొంటే చెత్తబుట్టకి తప్ప ఎవరికీ లాభం లేదు.

ముందు రూపాయి ఖర్చు లేని పని ఒకటి చెప్తాను. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఇంట్లో అన్నీ ఆపేయండి. ఫ్యాన్లు, లైట్లు, టీవీ, మోటారు. ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీయండి, పది నిమిషాలకి పాలు విరిగిపోవు. మెయిన్ మాత్రం ఆపకండి. అప్పుడు టార్చి పట్టుకుని మీటరు దగ్గరికి వెళ్లండి. దాని మీద చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. పక్కనే ఒక అంకె వేసి ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200 అని. అంటే ఆ దీపం 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ అయినట్టు. ఒక మిణుకుకీ తర్వాతి మిణుకుకీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 1125ని ఆ సెకన్లతో భాగిస్తే, ఆ నిమిషానికి మీ ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వస్తుంది. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే, 36 లక్షల్ని ఆ అంకెతో భాగించి, 1125 బదులు అది పెట్టుకోండి.

అన్నీ ఆపేశాక దీపం మిణకకూడదు కదా. మా ఇంట్లో మిణికింది. 25 సెకన్లకొకసారి. అంటే 45 వాట్లు. ముప్పై ఏళ్లు పిల్లలకి విద్యుత్తు పాఠం చెప్పిన మనిషిని, నా ఇంట్లో 45 వాట్లు ఎటు పోతున్నాయో నాకే తెలీదు. మావారు టార్చి ఊపుతూ "మన తీగలోంచి ఎవరైనా లాగుతున్నారేమో" అని పక్కింటి గోడ వైపు చూడ్డం మొదలుపెట్టారు. ఊరుకోండి, వింటారు అని లోపలికి తీసుకొచ్చాను. ఒక్కొక్క ప్లగ్గే పీకుతూ వచ్చాం. టీవీ కింద ఆ నల్ల డబ్బా, సెట్‌టాప్ బాక్సు, కొంత. మిగతా దొంగ మెట్ల కింద దొరికాడు: ఇన్వర్టరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేక అల్లాడాక కొన్నది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. చచ్చిన బ్యాటరీని నింపాలని అది పగలూ రాత్రీ పాటుపడుతోంది. 45 వాట్లు, రోజుకి 24 గంటలు, నెలకి 30 రోజులు. లెక్క కడితే 32 యూనిట్లు. నెలకి 190 వాడే ఇంట్లో 32 యూనిట్లు గాలికి పోయాయి, ఎక్కువ భాగం మెట్ల కిందే. ఎన్నేళ్లు పోయాయో తలుచుకోదలచుకోలేదు. పాత బ్యాటరీ దుకాణానికే తిరిగి ఇచ్చాం. అందులో సీసం ఉంటుంది, చెత్తబండిలో వేయకూడదు. కొత్తది పెట్టాక ఇప్పుడు మిణుకుకీ మిణుకుకీ మధ్య 75 సెకన్లు. 15 వాట్లు. ఇది పర్వాలేదు.

ఆ తర్వాత ఫ్యాన్లు. పాత ఫ్యాను ఒక్కోటి 75 వాట్ల దాకా తింటుంది. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకి పదహారు గంటలు తిరిగే చోట మారిస్తే నెలకి 21 యూనిట్లు మిగులుతాయి. దేవుడి గదిలో పావుగంట తిరిగేదాన్ని మారిస్తే ఏమీ మిగలదు. అన్నీ ఒకేసారి మార్చేయకండి. ఎక్కువ తిరిగేది ఏదో చూసుకుని అది ఒక్కటి మార్చండి. మీ 4,600లో దానికి డబ్బు సరిపోతుంది, ఇంకా మిగులుతుంది కూడా.

ఇంకొకటి. బాత్రూం ఫ్లష్ ట్యాంకులో రాత్రి ఒక చెంచా పసుపు వేసి, పావుగంట ఎవరూ వాడకుండా ఉంచండి. కింద తొట్లో పసుపురంగు దిగితే అది కారుతున్నట్టే. ఆ కారిన నీళ్లని మళ్లీ పైకెక్కించడానికే మీ మోటారు పొద్దున్నే మొర్రో అంటుంది.

మీటరు లెక్క మీవారి చేత చేయించండి. టార్చి పట్టుకుని మీటరు దగ్గర నిలబడితే మగవాళ్లకి ఒక హోదా వస్తుంది. నెల తిరక్కుండా ఆయనే లెక్క రాసే పుస్తకం పెడతారు.

ప్రశ్న: రాయగడలో బ్యాంకులో పని చేస్తున్నాను. రోజుకి రెండు సార్లు టీ కొట్టు నుంచి ఫ్లాస్కుతో టీ, కాగితం కప్పులు వస్తాయి. సాయంత్రానికి బుట్ట నిండిపోతుంది. ఏసీ 18లో పెట్టి స్వెట్టరు వేసుకునే వాళ్లూ ఉన్నారు. నేను ఏమైనా అంటే చాదస్తం అంటారు. కాగితం కప్పు ప్లాస్టిక్ కంటే నయమే కదా?
– బ్యాంకు ఉద్యోగి, రాయగడ

జవాబు: ఆ కప్పుని చింపి చూడండి బాబూ. లోపలి వైపు నుంచి సన్నటి పొర ఒకటి లేస్తుంది. అది ప్లాస్టిక్కే. లేకపోతే వేడి టీకి కాగితం నిలబడదు. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు ఆ కప్పుల్లో వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే, 100 మిల్లీలీటర్లలోకి 25,000 దాకా కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులు వచ్చాయని తేల్చారు. కాగితానికి ప్లాస్టిక్ అతుక్కుని ఉండటంతో పాతకాగితాల వాడు కూడా ముట్టుకోడు.

అయితే ఒక జాగ్రత్త. "అందరూ గాజు గ్లాసులు వాడదాం" అని మీరు తీర్మానం చేస్తే ఆ ఇరవై గ్లాసులూ కడిగేది ఎవరు? మీ ఆఫీసులో జీతం అందరికంటే తక్కువ ఉన్న మనిషి. మన పుణ్యానికి ఆయన నడుం విరగడం నాకిష్టం లేదు. ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోవాలి, ఎవరిది వాళ్లే కడుక్కోవాలి. మీరు ఎవరికీ చెప్పకుండా ఇంటి నుంచి ఒక స్టీలు గ్లాసు పట్టుకెళ్లి బల్ల మీద పెట్టుకోండి. నవ్వుతారు, నవ్వనీయండి. నేను రిటైరవడానికి ముందు మా స్టాఫ్ రూములో ఇదే చేశాను. ఏడాదికి తొమ్మిది మందిలో ఆరుగురి గ్లాసులు వచ్చాయి. మిగతా ముగ్గురూ ఆఖరి దాకా కాగితం కప్పులోనే తాగారు, వాళ్లూ స్నేహితులే.

ఏసీ సంగతి: 2020 నుంచి దేశంలో అమ్మే స్టార్ గుర్తు ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా. మీరు ప్రకృతి అని మొదలుపెడితే వినరు. బ్రాంచి బిల్లు మేనేజరు గారి ముందు పెట్టి ఆ 6 శాతం మాట చెప్పండి. బ్యాంకు వాళ్లకి శాతాలు త్వరగా ఎక్కుతాయి.

ప్రశ్న: అమ్మా, వైశాఖంలో మా అమ్మాయి పెళ్లి. బరంపురంలోనే చేస్తున్నాం. ఆరు వందల మంది. థర్మోకోల్ ప్లేట్లు వద్దని పిల్ల పట్టుపట్టింది. అరిటాకులు అన్ని దొరకవంటున్నారు. ఏం చేయమంటారు?
– పెళ్లికూతురి తండ్రి, బరంపురం

జవాబు: ముందు మీ అమ్మాయికి నా ఆశీస్సులు. థర్మోకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, ఆఖరికి శుభలేఖ మీద చుట్టే ఆ మెరుపు కాగితం కూడా 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అమ్మేవాళ్లు ఇంకా అమ్ముతున్నారు, అది వేరే సంగతి.

అరిటాకు లేకపోతే అడ్డాకు ఉంది కదండీ! కొండల మీద పెద్ద పెద్ద చెట్లకి చుట్టుకుని పాకే అడ్డతీగ ఆకు. ఒడియా వాళ్లు సియాళి అంటారు, దానితో కుట్టిన విస్తరిని ఖలి అంటారు. ఆవు గిట్టలాగా మధ్యలో చీలిక ఉంటుంది ఆకుకి. మా ఊరి సంతకి సవర ఆడవాళ్లు కట్టలు కట్టి దింపుతారు. ఒకసారి ఒకామె పక్కన అరుగు మీద కూర్చుని చూశాను. ఒళ్లో ఆకులు, నోట్లో నాలుగు వెదురు ఈనెలు. ఆకు మీద ఆకు వేసి, ఈనెతో గుచ్చి, మిగిలిన ముక్క పళ్లతో కొరికి ఉమ్మేయడం. బేరం మాట్లాడుతూనే ఒక విస్తరి అయిపోయింది. నన్ను చూసి నవ్వి ఒక ఆకు, ఒక పుల్ల ఇచ్చింది. నేను గుచ్చితే ఆకు చిరిగింది.

పచ్చి విస్తర్లయితే వాడిపోకుండా రెండు రోజుల ముందు తెప్పించుకోవాలి. ఎండినవైతే ముందే తెచ్చి పెట్టుకోవచ్చు, వడ్డించే ముందు నీళ్లు చిలకరిస్తే మెత్తబడతాయి. మిషను మీద వేడి పెట్టి నొక్కిన గుండ్రటి ప్లేట్లు కూడా ఉన్నాయి, పులుసు కారదు. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. కొన్నిటికి అడుగున అట్ట, దాని మీద ప్లాస్టిక్ పొర వేస్తారు. అవి వద్దు. ఆరు వందల మందికి కావాలంటే ముందుగా చెప్పాలి, కనీసం నెల. ఆకు కోసి, కుట్టి, కట్ట కట్టేది మనుషులు, ఫ్యాక్టరీ కాదు. బేరం కూడా మరీ గీచి ఆడకండి.

ఇక మాట్లాడని సంగతి ఒకటుంది. పెళ్లిళ్లలో అన్నిటికంటే పెద్ద చెత్త విస్తరి కాదండీ, విస్తట్లో వదిలేసిన అన్నం. మూడు స్వీట్లు, రెండు బిర్యానీలు, పిల్లల విస్తట్లోనూ పెద్దవాళ్లతో సమానంగా వడ్డన. వడ్డించేవాళ్లకి ఒకటే చెప్పండి: కొంచెం వేయండి, మళ్లీ మళ్లీ తిరగండి. ఒక స్వీటు తగ్గించండి. వియ్యంకుడు గారు ఏమనుకుంటారో అని భయమా? ఆ పేరు నా మీద పెట్టేయండి, టీచరమ్మ చెప్పిందని.

మంచినీళ్లకి ఆ చిన్న సీసాలు పంచకండి. రెండు గుక్కలు తాగి కుర్చీ కింద వదిలేస్తారు. పెద్ద క్యాన్లు, స్టీలు గ్లాసులు పెట్టండి. కేటరింగ్ వాళ్ల దగ్గర గ్లాసులు ఉంటాయి, మనం అడగం అంతే.

ప్రశ్న: కాశీనగరం నుంచి పర్లాకిమిడికి రోజూ బండి మీద వస్తాను. రానూ పోనూ 50 కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ స్కూటరు కొందామంటే మా బావ "కరెంటు బొగ్గుతోనే కదా చేస్తారు, పొగ నీ బండి వెనక కాకుండా ఇంకెక్కడో వస్తుంది, అంతే" అంటున్నాడు. నిజమేనా?
– ప్రైవేటు ఉద్యోగి, కాశీనగరం

జవాబు: మీ బావ తెలివైనవాడే, కానీ లెక్క సగంలో ఆపేశాడు. మిగతా సగం మనం కడదాం.

మీ పెట్రోలు బండి లీటరుకి 50 ఇస్తుందనుకుందాం. 100 కిలోమీటర్లకి రెండు లీటర్లు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 4.6 కిలోలు. ఎలక్ట్రిక్ స్కూటరు 100 కిలోమీటర్లకి సుమారు 3 యూనిట్లు తింటుంది. మన దేశంలో బొగ్గు, నీళ్లు, సూర్యుడు అన్నీ కలిపి చూస్తే యూనిట్‌కి సుమారు 0.7 కిలో పడుతుంది. మూడు యూనిట్లకి 2.1. సగానికి తక్కువ. ఛార్జింగులో పోయేది కలుపుకున్నా పెట్రోలు ఓడిపోతుంది.

మాచ్‌ఖండ్ ఉంది కదా, బలిమెల ఉంది కదా, మనది నీళ్ల కరెంటు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. 1955 నుంచి మాచ్‌ఖండ్‌ని ఆంధ్రా, ఒడిశా కలిసి వాడుకుంటున్న మాట నిజమే. కానీ తీగలోకి వచ్చాక తాల్చేరు బొగ్గుదీ, మాచ్‌ఖండ్ నీళ్లదీ విడదీయలేం. అందుకే మీ బావ మాటలోనూ సగం నిజం ఉంది.

అయితే నడుస్తున్న బండిని అమ్మేసి కొత్తది కొనడానికి తొందరపడకండి. బండి తయారు చేయడానికీ, బ్యాటరీకీ చాలా ఖర్చవుతుంది, డబ్బే కాదు, గనులు, నీళ్లు. పాతది రిపేర్ల మీద రిపేర్లు అడిగేదాకా టైర్లలో గాలి సరిగ్గా పెట్టుకుంటూ నడపండి. గాలి తగ్గితే మైలేజీ తగ్గుతుంది. వారానికొకసారి పట్టించుకునేవాళ్లు పదిమందిలో ఒకరు.

మీ ఊరికి రైలుందన్న సంగతి మర్చిపోయారా? నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే చిన్న రైలు వేశారు రాజావారు. తర్వాత గుణుపురం దాకా వెళ్లింది. నా చిన్నప్పుడు దాంట్లో కూర్చుంటే పక్కన సైకిలు మీద వెళ్లేవాడు మనల్ని దాటిపోయి, చెయ్యి ఊపి, ముందు స్టేషన్లో దిగి బీడీ కాల్చుకునేవాడు. ఇప్పుడది పెద్ద లైను. వేళలు మీ డ్యూటీకి కుదిరితే వారానికి రెండు రోజులైనా ఎక్కండి. కుదరకపోతే కుదరదు. అదే ఊరి నుంచి వచ్చే ఇంకొకరిని వెనక కూర్చోబెట్టుకుంటే మనిషికి పెట్రోలు సగమే పడుతుంది, ఏ బండి కొనక్కర్లేదు.

ప్రశ్న: మేడ మీద సోలారు పెట్టించమని ఇంటికొచ్చి మరీ చెప్తున్నారు. పెట్టించవచ్చా? కరెంటు పోయినా ఇంట్లో లైట్లు వెలుగుతాయట కదా?
– రిటైర్డ్ క్లర్కు, జయపురం

జవాబు: పెట్టించవచ్చు. కానీ ఆ రెండో మాట ఎవరన్నారో వాళ్లని మళ్లీ పిలిచి అడగండి. బ్యాటరీ లేకుండా లైనుకి కలిపే మామూలు సోలారు, వీధిలో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. కావాలనే అలా చేస్తారు. లేకపోతే మీ మేడ మీది కరెంటు తీగలోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కాబట్టి తుపానుకి ఉపయోగపడుతుందని మాత్రం కొనకండి.

కేంద్రం 2024లో మొదలుపెట్టిన సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కి 30,000, రెండిటికి 60,000, మూడు లేదా అంతకంటే ఎక్కువకి 78,000 రాయితీ. కిలోవాట్‌కి మేడ మీద వంద చదరపు అడుగులు కావాలి, ఎండ బాగుంటే రోజుకి 4 యూనిట్లు. కొబ్బరిచెట్టు నీడ పడకూడదు. గాలికి లేచిపోకుండా చట్రం ఎలా బిగిస్తారో, ఏ బోల్టులు వేస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి. మన తీరంలో 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. బిగించేవాడు జూన్‌లో వచ్చి వెళ్లిపోతాడు.

ప్రశ్న: కంపోస్టు చేద్దామని బకెట్టులో వంటింటి చెత్త వేశాను. వారానికి కంపు, తెల్ల పురుగులు. అత్తగారు బకెట్టు వీధిలో పెట్టేశారు.
– కొత్త కోడలు, పర్లాకిమిడి

జవాబు: నా బకెట్టు వీధిలో పెట్టింది పక్కింటివాళ్లు. అదీ సంక్రాంతి నాడు.

తప్పు మనిద్దరిదీ ఒకటే తల్లీ. తడి చెత్త మీద తడి చెత్త వేసుకుంటూ పోయాం. గాలి ఆడక కుళ్లింది. ఒక గిన్నెడు కూరగాయ తొక్కలు వేస్తే, దాని మీద రెండు మూడు గిన్నెల ఎండాకు, లేకపోతే కొబ్బరి పీచు వేయాలి. మామిడాకు, జీడిమామిడాకు గట్టివి, త్వరగా చివకవు, చేత్తో నలిపి వేయండి. బకెట్టుకి అడుగునా పక్కలా కంతలు ఉండాలి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండాకు చాలలేదని, అసలు రాకపోతే నీళ్లు చిలకరించమని. అన్నం, నూనె, చేపల పొట్టు మొదట్లో వద్దు. ఆ తెల్ల పురుగులు చూడ్డానికే అసహ్యం, చెత్త తినే ఈగ పిల్లలు. ఎండాకు కప్పితే తగ్గిపోతాయి. మూడు నెలలకి నల్లగా, వానపడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. మొదటి గుప్పెడు మీ అత్తగారి తులసికోటలో వేయండి. ఇక బకెట్టు జోలికి రారు.

ప్రశ్న: భూమిని కాపాడాలంటే చేపలు, మాంసం మానేయాలా? నా వల్ల కాదు.
– విద్యార్థి, గుణుపురం

జవాబు: నేను మానలేదు, నీకెలా చెప్తాను? తగ్గించగలిగితే తగ్గించు. నీళ్లు నిలబెట్టిన వరి మడి నుంచి కూడా మీథేన్ వస్తుంది, ఆ లెక్కన మన అన్నం ముద్దా నిర్దోషి కాదు. కొండ మీద పండే చోళ్లకి, అదే రాగులకి, అన్ని నీళ్లు అక్కర్లేదు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టాక మాండియాకి (చోళ్లకి ఒడియా పేరు) మళ్లీ మర్యాద వచ్చింది. మా చిన్నప్పుడు చోడి అంబలి తాగేవాళ్లమని చెప్పుకోడానికి సిగ్గుపడేవాళ్లం. ఇప్పుడు అదే పొడి అందమైన ప్యాకెట్లో వస్తోంది. మిగిలిన అన్నం మాత్రం పారేయకు. చద్దన్నం అను, పఖాళ అను, ఉల్లిపాయ కొరుక్కుని తినెయ్.

ప్రశ్న: టీచర్, మా బడిలో ప్రతి ఏడూ మొక్కలు నాటుతాం. మూడేళ్లుగా అవే గోతులు. ఫొటో తీస్తారు. వేసవి సెలవులకి అన్నీ చచ్చిపోతాయి. మళ్లీ ఈ ఏడు నన్ను మొక్క పట్టుకుని నిలబడమన్నారు. నాకు ఇష్టం లేదు.
– తొమ్మిదో తరగతి అమ్మాయి, గజపతి జిల్లా

జవాబు: నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను తల్లీ. అవే గోతులు అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగాను. నేనూ అలాంటి ఫొటోల్లో ఉన్నాను, ముందు వరసలో, పట్టుచీరతో.

ఈసారి నిలబడు. ఫొటో అయ్యాక మీ హెడ్మాస్టరు గారిని ఒకటి అడుగు: "సార్, వందకి బదులు ఐదు నాటదామా? ఒక్కో క్లాసుకి ఒకటి." కోప్పడరు, మహా అయితే నవ్వుతారు. వేప, కానుగ, నేరేడు, చింత, ఏదైనా మన నేలదే తీసుకోండి. మొదటి వానలు గట్టిగా పడ్డాక నాటండి, ఆహ్వానం కార్డులో తేదీ చూసి కాదు. మొక్క పక్కన, మెడ మాత్రం పైకి కనపడేలా ఒక మట్టికుండ పాతిపెట్టండి. పాత కుండయినా సరే, లోపల రంగు పూసినది వద్దు. కుండ నింపి మూత పెడితే నీళ్లు గోడలోంచి మెల్లగా వేళ్ల దగ్గరికి ఊరుతాయి. వేసవి సెలవుల్లో రోజూ ఎవరూ రానక్కర్లేదు, నాలుగైదు రోజులకొకసారి బడి పక్క ఇంటి పిల్ల ఎవరైనా నింపితే చాలు. ఆ పిల్ల ఎవరో మే నెల రాకముందే తేల్చుకోండి. చుట్టూ ముళ్లకంప, మేకల కోసం. మేకకి పర్యావరణ దినోత్సవం తెలీదు.

తిత్లీకి మా పెరట్లో ములగచెట్టు మొదలంటా విరిగి పడింది. పడిన కొమ్మే ఒకటి, మోచెయ్యంత ముక్క నరికి, ప్రహరీ పక్కన గుచ్చాను. ఎవరూ ఫొటో తీయలేదు. పోయిన వారం దాని కాయలే పులుసులో వేశాను.

ప్రశ్న: ఇన్ని చెప్తున్నారు కదా టీచర్ గారూ, మీ ఇంట్లో ఏసీ ఉందా? నిజం చెప్పండి.
– పేరు రాయలేదు, పాతపట్నం ముద్ర

జవాబు: ఉందండీ. రెండు వేసవుల కిందట కొన్నాం, మా అత్తగారి గదిలో. ఆవిడకి 84. ఏప్రిల్‌లో ఒక రాత్రి ఉక్కకి లేచి కూర్చుని ఊపిరాడక నా చెయ్యి పట్టుకున్నారు. మర్నాడే కొన్నాం. 26లో పెట్టి, పైన ఫ్యాను ఒకటిలో తిప్పుతాం, రాత్రికి నాలుగు యూనిట్లు అవుతుంది. రాసి పెట్టుకుంటున్నాను. ఇన్వర్టరు దగ్గర మిగిలిన 30 వాట్లు, హాల్లో ఫ్యాను దగ్గర మిగిలినవి, అన్నీ కలిపినా వేసవిలో దీని ముందు చాలవు. పుస్తకంలో అలాగే ఉంది, దిద్దలేదు.

ఆవిడ మాత్రం దాన్ని నమ్మరు. తెల్లవారుజామున మూడింటికి గోడ మీద కొట్టి పిలుస్తారు: "ఏటే, ఈ మిషన్ని ఆపి ఆ కిటికీ తియ్యే. కొండగాలొస్తంది."